ఆటగాండ్ర రూపము, పత్రికల వర్ణన



మా శ్రీరాంపూర్ బొగ్గుబాయిలలో మొదటి షిఫ్టు ముగిసి పైకి వచ్చువారి ముఖములను మీలో కొందరైనను చూచియుందురు. నల్లని పొడి కప్పిన ముఖమున కన్నులును పండ్లును మాత్రమే తెల్లగా కనబడును. ఆ వేళ ఎవడు అందగాడో ఎవడు కాడో చెప్పుట యెవరి తరమును గాదు. ఎవడు పనివాడో మాత్రము తోడివారికి చక్కగా తెలియును. ఆ మనుష్యులే స్నానము చేసి, టీకొట్టుకడ కూర్చుండి, పత్రికలోని ఆటల పుట విప్పి, అందలి క్రీడాకారిణి బొమ్మను చూచి, ఆమె ముక్కును గూర్చియు రంగును గూర్చియు తీర్పులు చెప్పుచుండగా నేను పలుమారులు వింటిని. వారిని నిందింపను. ఆ తీరున చూడుమని వారికి నేర్పినది చాలవఱకు పత్రికయే యని నా అభిప్రాయము. ఆటలను గూర్చి శీర్షికలు వ్రాయువారు ఆటగాండ్ర రూపమును ఏ విధముగ వర్ణింతురో, ఆ వర్ణన మన యిండ్లలోనికి ఎట్లు వచ్చుచున్నదో నేడు మనవి చేసెదను.

పత్రికలో ఆటను గూర్చి రెండు విధములైన వ్రాతలు వచ్చును. మొదటిది వార్త. ఆట యెచ్చట జరిగినది, ఎవరు గెలిచిరి, ఎంత తేడాతో గెలిచిరి యనునది విలేఖరి పంపును. అందులో ముఖమునకు చోటు తక్కువ. రెండవది శీర్షిక, అనగా దినమునకో వారమునకో ఒకమారు, ఒకే చోట, ఒకే పేరు క్రింద, ఒక రచయిత తన అభిప్రాయములు కలిపి వ్రాయు వ్యాసము. ఈ రచయితకు ఒక చిక్కు కలదు. పూర్వము పత్రిక వచ్చినప్పుడే ఆట ఫలితము తెలియుచుండెను. పిదప రేడియో వచ్చెను, టెలివిజను వచ్చెను. నేడు చేతిలోని ఫోనులోనే ఆట ఎప్పటికప్పుడు తెలిసిపోవుచున్నది. తెల్లవారి పత్రిక విప్పునప్పటికి పాఠకునకు తెలియని ఫలితము మిగులదు. ఇక వ్రాయవలసిన దేమి? ఆట లోతు తెలిసినవాడు ఆటను విప్పి చెప్పును. అందుకు శ్రమ కావలెను. మైదానమున గంటలకొలది కూర్చుండవలెను, శిక్షకులతో మాటలాడవలెను, నిన్నటి అడుగునకు నేటి అడుగునకు భేదమేమో కనిపెట్టవలెను. అంత ఓపిక లేనివాడు బొమ్మను ముందిడుకొని కన్నులను, జుట్టును, నవ్వును వర్ణించును. అది సులభము; పాఠకుడును ఆక్షేపింపడు. ముఖమును గూర్చి అభిప్రాయము లేనివా డెవ్వడు?

రూపమును గూర్చి వ్రాయుటయే తప్పని నేననను. ఆట దేహముతో ఆడునది గదా! దేహమును గూర్చి పలుకక ఆటను గూర్చి పలుకుట సాధ్యము కాదు. అయితే ఏ రూపమును గూర్చి వ్రాయవలెనన్నదే ప్రశ్న. మీరు అంగడికి పోయి ఎద్దులను కొనునప్పుడు చేయు పరీక్షను తలచుకొనుడు. మనుష్యులను పశువులతో పోల్చుచున్నానని కోపింపకుడు. నేను చెప్పునది పరీక్షను గూర్చి మాత్రమే. పండ్లు చూతురు. గిట్టలు చూతురు. కాడి పడుచోట మెడ చూతురు. నాలుగడుగులు నడిపించి నడక చూతురు. కొమ్ములకు పూసిన రంగును, మెడలోని గంటలను చూచి ధర కట్టువానిని అంగడియంతయు నవ్వును. (సుడుల విషయమున పెద్దలకు పట్టింపు కలదు, ఆ చర్చ ఇచ్చట వద్దు.) పనికి వచ్చు రూపము వేరు, చూపునకు వచ్చు రూపము వేరు అని మీకు నేను చెప్పనక్కఱలేదు. పత్రికల వ్రాతలో ఈ రెండును కలిసిపోవుటయే చిక్కు.

తెలుగునాట దేహబలముచే పేరొందిన తొలివీరులలో కోడి రామమూర్తి నాయుడొకడు. శ్రీకాకుళ ప్రాంతమున వీరఘట్టములో పుట్టినవాడు. సర్కసు నడిపి, ఱొమ్ముపై ఏనుగును నిలిపి, ఇనుప గొలుసులను త్రెంచి దేశదేశములవారిని మెప్పించి, 1942లో కాలధర్మము నొందెను. ఛాయాచిత్రములు పత్రికలలో అరుదుగానుండిన ఆ దినములలో ఆయనను చూడనివానికి ఆయనను చూపవలసినవి మాటలే. ‘కలియుగ భీము’డని ఆయనకు పేరు వచ్చెను. ఆ పేరులో ముక్కు లేదు, రంగు లేదు. భారతము విన్న ప్రతివానికి భీముడు తెలియును గనుక, ఆ యొక్కమాటతో ఱొమ్ము, భుజములు, సాహసము, ఆకలితో కూడ అన్నియు కన్నులకు గట్టినవి. అది పనికి వచ్చు రూపవర్ణన. నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున పుట్టిన సి.కె. నాయుడు 1926లో బొంబాయిలో ఆంగ్ల జట్టుపై 153 పరుగులు చేసి, అందులో 11 సిక్సర్లు కొట్టెను; 1932లో భారతదేశపు మొదటి టెస్టు పోటీకి నాయకత్వము వహించెను. ఆయనను గూర్చి వ్రాసినవారు ఆయన పొడవును, నిటారైన నిలుకడను వర్ణించిరి. అదియు ఆటకు సంబంధించినదే. బంతిని అంత ఎత్తునకు లేపుటకు ఆ నిలుకడయు, ఆ చేతుల నిడివియు తోడ్పడెను.

మగవారి విషయమున సాధారణముగ ఇట్లే జరుగుచుండెను. హైదరాబాదు క్రికెట్ ఆటగాడు మహమ్మదు అజహరుద్దీను 1984-85లో తన మొదటి మూడు టెస్టులలోను మూడు శతకములు చేసినప్పటినుండి అతని మణికట్టును గూర్చి వ్రాయని రచయిత లేడు. పైకి నిలిపిన కాలరును గూర్చియు, మెడలోని తాయెత్తును గూర్చియు కూడ వ్రాసిరి. కాని అవి ముచ్చటగా చివర వచ్చుచుండెను. ముందు వచ్చునది మణికట్టే.

ఇప్పుడు అదే పట్టణమునకు చెందిన సానియా మీర్జా సంగతి చూడుడు. ఆమె 2005 ఫిబ్రవరిలో హైదరాబాదులో జరిగిన అంతర్జాతీయ టెన్నిసు పోటీని గెలిచెను. మహిళల ప్రపంచ టెన్నిసు సంఘపు సింగిల్స్ బిరుదును గెలిచిన మొదటి భారతస్త్రీ ఆమెయే. ఆ యేడే అమెరికా మహాపోటీలో నాలుగవ వరుసదాక పోయెను. పత్రికలకు అప్పుడు కావలసినవి ఆమె ముక్కుపుడక, పొట్టి లంగా, అంగీపై అచ్చువేసిన అక్షరములు. ఒక మతపెద్ద ఆమె దుస్తులను ఆక్షేపింపగా ఆ వివాదము వారములతరబడి మొదటిపుటలలో నడచెను. ఆమె కుడిచేతి దెబ్బలోని వేగము ప్రపంచమున పేరొందిన క్రీడాకారిణులను సైతము వెనుకకు నెట్టునది. ఆ వేగమంతయు మణికట్టునుండి వచ్చునది. 2008లో ఆ మణికట్టునకే శస్త్రచికిత్స జరిగెను. అజహరు మణికట్టునకు పద్యములవంటి వాక్యములు వ్రాసిన కలములు సానియా మణికట్టును గాయమైన తరువాతనే కనుగొనినవి! పిదప ఆమె 2015లో డబుల్స్ ఆటలో ప్రపంచమున మొదటి స్థానమునకు చేరెను; డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ కలిపి ఆఱు మహాపోటీలు గెలిచెను. ముక్కుపుడక మాత్రము వ్యాసములను విడువలేదు.

తెలుగు పత్రికల ఆటలపుటలలో ఒక మాట కలదు, గమనింపుడు. క్రీడాకారిణి ఏ దేశమునుండి వచ్చినను ఆమె ‘భామ’. రష్యా భామ, చైనా భామ, స్పెయిను భామ. కొంచెము ఉత్సాహము మీరినచో ‘సుందరి’, ‘ముద్దుగుమ్మ’. మగవానికి ఇట్టి మాట లేదు. ‘రష్యా అందగాడు గెలిచెను’ అని యెవరును శీర్షిక పెట్టరు. భామ యనగా స్త్రీయే గదా, తప్పేమి అని మీరనవచ్చును. నిఘంటువులో తప్పులేదు. కాని మనకు భామ యనగానే జడ విసరుచు రంగస్థలముపైకి వచ్చు సత్యభామ తలపునకు వచ్చును. నేటివారికి సినిమా నాయిక తలపునకు వచ్చును. శీర్షికలో చోటు తక్కువ, రెండక్షరముల మాట ఒదుగును అని పత్రికలవారు చెప్పుదురు. ఆ వాదములో కొంత నిజము లేకపోలేదు. అయినను ‘ఆమె’ యన్నదియు రెండక్షరములే.

రూపమును గూర్చిన వ్రాత కేవలము వ్యర్థమే గాక తప్పుదారి పట్టించునని తెలియుటకు కరణం మల్లేశ్వరి కథను మించినది లేదు. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస ప్రాంతపు బిడ్డ. 1994, 1995 సంవత్సరములలో 54 కిలోల తరగతిలో బరువులెత్తి ప్రపంచవిజేత యయ్యెను. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సు వచ్చునప్పటికి ఆమె దేహము పెరిగెను. 69 కిలోల తరగతికి మారెను. అప్పుడు పత్రికలలో ఆమె లావును గూర్చియు, తిండిని గూర్చియు ఎగతాళి వ్రాతలు వచ్చినవి. లావెక్కినది, సోమరియైనది, ఈమె వలన నేమియు కాదు అన్నట్టి ధోరణి.

ఈ ఆట ఏర్పాటు తెలియనివారికి రెండు మాటలు. బరువులెత్తు పోటీలో పాల్గొనువారిని వారి దేహపు బరువునుబట్టి తరగతులుగ విభజింతురు. పోటీకి ముందు త్రాసు ఎక్కించి తూతురు. 69 కిలోల తరగతి యనగా దేహపు బరువు 69 కిలోలకు మించరాదు. అంతకు తగ్గినచో తప్పులేదు గాని, తక్కువ కండతో ఎక్కువ బరువునెత్తు టెట్లు? కావున ఆ హద్దుదాక దేహమును పెంచుకొనుట సోమరితనము గాదు, సాధన. పోటీలో రెండు విధములైన ఎత్తుడులు కలవు. ఒకదానిలో నేలనుండి తలమీదికి ఒక్క ఊపున లేపవలెను. రెండవదానిలో మొదట భుజములమీదికి, అచ్చటినుండి తలమీదికి లేపవలెను. రెండింటి మొత్తమును లెక్కింతురు. సిడ్నీలో 2000 సెప్టెంబరు 19న మల్లేశ్వరి మొదటిదానిలో 110 కిలోలు, రెండవదానిలో 130 కిలోలు, వెరసి 240 కిలోలు ఎత్తి కంచుపతకము గెలిచెను. ఒలింపిక్సులో పతకము నందిన మొదటి భారతస్త్రీ ఆమె. స్త్రీలు బరువులెత్తు పోటీని ఒలింపిక్సులో చేర్చుటయు ఆ యేటనే మొదలు. బంగారుపతకము గెలిచిన చైనా స్త్రీ ఎత్తినది 242.5 కిలోలు. మల్లేశ్వరి చివరిమారు 137.5 కిలోలకు ప్రయత్నించెను. అది నిలిచియున్నచో బంగారుపతకమే. నిలువలేదు. ఎగతాళి వ్రాసినవారు వ్రాసినది ఏ దేహమును గూర్చియో, 240 కిలోలను ఎత్తినది ఆ దేహమే. మఱునాడు అవే పత్రికలు ఆమెను ఆకాశమున కెత్తినవి. ఎత్తుటలో పత్రికలును తక్కువవారు గారు!

పుసర్ల వెంకట సింధు విషయమున పత్రికలు కొంత మేలు. 2016లో రియో ఒలింపిక్సున వెండి, 2019లో ప్రపంచ విజేతృత్వము, టోకియో ఒలింపిక్సున కంచు. ఆమె పొడవు సుమారు 5 అడుగుల 10 అంగుళములు; తల్లిదండ్రు లిరువురును వాలీబాలు ఆటగాండ్రు. అంత ఎత్తునుండి కొట్టిన దెబ్బ వలమీదుగ నిట్టనిలువుగ దిగును గనుక ఎదుటివారికి అందుకొనుట కష్టము. మఱి కాళ్ళకడ, నడుముకడ వచ్చు షటిల్‌ను వంగి తీయుట పొడవైన మనిషికి ప్రయాస. కావున ఎదుటివారు అచ్చటికే కొట్టుదురు. ఆమె పొడవును గూర్చి వ్రాసిన మంచి వ్యాసములు ఈ రెండు సంగతులను చెప్పినవి. చదివినవాడు మఱునాడు ఆట చూచునప్పుడు క్రొత్త కన్నులతో చూచును.

మనకు పొరుగుననే యున్న నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీను ముష్టియుద్ధమున 2022లో ఇస్తాంబులులోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచవిజేత యయ్యెను. చిన్ననాడు దెబ్బలు తగిలి ముఖము వాచి యింటికి రాగా, ఈ ముఖముతో నిన్నెవరు పెండ్లాడుదురని తల్లి దుఃఖించినదట. పేరు వచ్చినచో వరులే వరుసకట్టి వత్తురని బిడ్డ సమాధానము చెప్పినదట. ఆమెయే చెప్పిన సంగతి గనుక పత్రికలలో తఱచుగ వచ్చును, చదువుటకు ముచ్చటగనుండును. కాని ముష్టియుద్ధమున ముఖమునకు వేఱొక పనియున్నది. గడ్డము దించియుంచుట, కన్ను మూయకుండుట, తలను అంగుళము ప్రక్కకు తీసి దెబ్బను గాలిలో పోనిచ్చుట. ఈ విద్యను వివరించిన వ్యాసము ఒకటి కనబడినచో, పెండ్లిముచ్చట చెప్పినవి పది కనబడును.

ఇది కేవలము వినోదపు సంగతి యనుకొందురేమో. మా చుట్టుప్రక్కల నొక యూరిలో నాకు తెలిసిన వృద్ధుడొకడు కలడు. చదువరి, దినమును పత్రిక చదివి పదిమందికి వినిపించువాడు. ఆయన మనుమరాలు బడిలో పరుగున మొదటిదిగ వచ్చుచుండెను. ఎనిమిదవ తరగతిలో ఆయన ఆమెను పరుగు మానిపించెను. కారణ మడుగగా, ‘ఎండలో నలుపెక్కుచున్నది, కాళ్ళు మగవాని కాళ్ళవలె అగుచున్నవి’ అనెను. ఆయన మూర్ఖుడు గాడు. ఆ పిల్ల ఎన్ని సెకండ్లలో పరుగెత్తుచున్నదని అడిగితిని. తెలియదనెను. ఎన్నడును ఎవరును ఆయనకు చెప్పలేదు. క్రీడాకారిణి యన్నచో రంగు, కాళ్ళు అను రెండు కొలతలే ఆయన చదివిన పుటలలో ఉండెను గాబోలు.

ఈ జాడ్యము మన దేశమునదే యని అనుకొనవద్దు. 2013లో వింబుల్డను టెన్నిసు పోటీని గెలిచిన ఫ్రెంచి స్త్రీ మరియన్ బార్తోలీ చక్కనిది కాదని, అందుచేతనే చిన్ననాటినుండి కష్టపడవలసి వచ్చినదని భావమువచ్చునట్లు ఒక ఆంగ్లేయ వ్యాఖ్యాత పలికెను. ఆయన పత్రికలవాడు గాడు, నావలె రేడియోలో మాటలాడువాడే. సిగ్గుపడవలసినవారిలో మేమును ఉన్నాము. పిదప ఆయన క్షమాపణ చెప్పెను. తాను కలగన్నది వింబుల్డను గెలుచుటయే గాని బొమ్మలకు నిలిచి ధనమార్జించుట గాదని ఆమె శాంతముగ బదులు చెప్పెను. ఐర్లండు చిన్న దేశము. ఆ దేశపు ముష్టియోధురాలు కేటీ టేలర్ 2012లో లండను ఒలింపిక్సున బంగారుపతకము గెలిచెను. అయినను ఆటలపుటలలో స్త్రీలకు చోటు చాలకుండుటను చూచి, అచ్చటి క్రీడాసంఘములవారు 2018లో ఒక ఉద్యమము ఆరంభించిరి. 2020 ముగియులోపల పత్రికలలో, రేడియోలో, టెలివిజనులో స్త్రీల ఆటలకు చోటు నూటికి 20 వంతున పెంచవలెననునది వారి కోరికలలో నొకటి. చోటు పెరిగినపుడు ఆ చోట ఏమి నింపుదురన్న ప్రశ్న వేరుగ ఉండనే యున్నది.

ఆ ప్రశ్నకు మనకు మిక్కిలి చేరువయైన ఉదాహరణము వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు జీవంజి దీప్తి. 2003లో కూలినాలి చేసికొను తల్లిదండ్రులకు పుట్టెను. సూర్యగ్రహణకాలమున పుట్టినదని ఇంటివారు చెప్పుదురు. పుట్టుకతోనే మేధాసంబంధమైన లోపము. ముఖపు తీరు కొంచెము వేరు. ఊరివారును, బంధువులును ఆమె ముఖమును చూచి పెట్టిన పేర్లను నేనిచ్చట పలుకను. బడిలోని వ్యాయామోపాధ్యాయుడు ఆమె పరుగును గుర్తించెను. శిక్షకుడు నాగపురి రమేశ్ తీర్చిదిద్దెను. తల్లిదండ్రులు ఉన్న కొద్దిపాటి భూమి అమ్ముకొనియుండిరి; 2023లో హాంగ్జౌ నగరమున జరిగిన ఆసియా పారా క్రీడలలో ఆమె గెలిచిన పిదప వచ్చిన బహుమానధనముతో భూమిని మరల కొనిరి. 2024 మే నెలలో జపానులోని కోబే నగరమున 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి తన తరగతిలో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఆ సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్సున కంచుపతకము గెలిచెను.

పత్రికలన్నియు ఆమెను ప్రశంసించినవి. సద్బుద్ధితోనే వ్రాసిరి, సందేహము లేదు. కాని ఏమని వ్రాసిరి? ఊరివారు పెట్టిన ఆ పేర్లనే పెద్ద అక్షరములలో అచ్చువేసి, అట్లు పిలువబడిన బాలిక నేడు పతకము తెచ్చెనని శీర్షికలు పెట్టిరి. ఒక యూరిలో నలుగురి నోట నుండిన మాట దేశమంతయు ఎక్కెను. ముఖమును ఎగతాళి చేసినవారిని నిందించుటకే వ్రాసిన వ్యాసము కూడ మొదట ముఖమునే చూపెను. ఆ బాలిక తన పేరు వెదకుకొన్నప్పుడెల్ల, పతకము ప్రక్కన ఆ మాట కనబడును. ఎగతాళి జరిగిన సంగతి దాచుమని నేననను; దాచినచో ఊరికి బుద్ధి రాదు. ‘ఆమె రూపమును ఎగతాళి చేసిరి’ అని వ్రాసిన చాలును. తిట్టును తిరిగి తిట్టి చూపనక్కఱలేదు.

ఆ దినములలో నేను టీకొట్టుకడ పత్రిక చదువవలసి వచ్చెను. రెండవ షిఫ్టునకు పోవువారు పదిమంది కూర్చుండియుండిరి. పెద్ద అక్షరములను విడిచి, చివరనున్న చిన్న అక్షరముల లెక్కను చదివితిని. మొదట వచ్చిన ఉక్రెయిను బాలిక 55.16 సెకండ్లు, రెండవదైన టర్కీ బాలిక 55.23, మన దీప్తి 55.82. ఒకడు, ‘అయ్యా, మొదటిదానికి మనదానికి తేడా యెంత?’ అనెను. సెకండులో మూడింట రెండు వంతులకు కొంచెము తక్కువ యంటిని. కోబేలో తాను పెట్టిన 55.07 మరల పరుగెత్తినచో ఏమయ్యెడిదని మఱియొకడు అడిగెను. బంగారమే వచ్చియుండెడిదంటిని. అంతట వారిలో వాదము పుట్టెను: మే నెలనుండి సెప్టెంబరునకు వేగము తగ్గనేల? సాధన ముందే తారస్థాయికి చేరెనా, పందెపు ఒత్తిడియా, ఆరంభమున వేగిరపడి తుదిని అలసెనా? నాకును తెలియదు, పత్రికలో లేదు. వాదము తెగకుండగనే షిఫ్టు వేళయయ్యెను. టోపీలు తీసికొని లేచి, త్రోవపొడవునను సెకండ్ల లెక్కలే మాటలాడుకొనుచు బాయివైపు వెళ్ళిరి.